గీత గీసే ముందు ఊరిని అడగాలి



కొల్లేటి ఊళ్లలో ఏ రచ్చబండ దగ్గరైనా పది నిమిషాలు కూర్చోండి, 'కంటూరు' అన్న మాట చెవిన పడకుండా ఉండదు. బడి ముఖం చూడని పెద్దవాళ్లు కూడా మూడో కంటూరు, ఐదో కంటూరు, పదో కంటూరు అని అలవోకగా అనేస్తారు. సర్వే శాఖ వాళ్ల మాట ఒకటి ఇంతగా జనం నోట నానిందంటే దాని వెనక పెద్ద కథే ఉంటుంది. ఈ సాయంత్రం ఆ కథ చెప్పుకుందాం. ఊరికి సంబంధించిన నిర్ణయాల్లో ఊరివాళ్ల మాటకు చోటెక్కడ అన్న ప్రశ్నకు మన కొల్లేరు కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించదు.

ముందు కంటూరు సంగతి. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున నీళ్లు నిలిస్తే కొల్లేరు ఎంత మేర పరుచుకుంటుందో, ఆ అంచు ఐదో కంటూరు. దాని లోపలి విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. అదే నీళ్లు పదడుగుల మట్టానికి వస్తే 901 చదరపు కిలోమీటర్లు. మూడడుగులకు తగ్గితే 135. కొల్లేరు లోతైన సరస్సు కాదు, పళ్లెం లాంటిది. అంగుళం నీరు పెరిగితే ఎకరాలు మునుగుతాయి, అంగుళం తగ్గితే ఎకరాలు తేలతాయి. అందుకే కాగితం మీద రెండడుగుల తేడా నేల మీద వేల కుటుంబాల బతుకు తేడా అవుతుంది. గీతకు ఇవతల ఉన్న మడి దాళ్వా పంటకు పనికొస్తుంది, చెరువుగా తవ్వితే కౌలు వస్తుంది, బ్యాంకులో తాకట్టుకు ఒప్పుకుంటారు. గీతకు అవతల ఉన్న మడి అభయారణ్యం. రెండు మడుల మధ్య ఉన్నది ఒక్క గట్టే. ఆ గట్టు మీద నిలబడి చూస్తే ఏది లోపలో ఏది బయటో కంటికి తెలియదు.

ఈ గీత ఎవరు గీశారు, గీసేటప్పుడు ఎవరిని అడిగారు? నా మాటంతా ఈ ప్రశ్న చుట్టూనే.

కొల్లేటి మీద మొదటి పెద్ద నిర్ణయం 1976లో జరిగింది. అప్పటికి లంక గ్రామాల్లో వేట ఊరుమ్మడి వ్యవహారం. ఏ ఊరి వలలు ఎక్కడిదాకా, ఎవరు ఎక్కడ చేపలు పట్టే మావులు కట్టాలి అన్నది పెద్దలు కూర్చుని తేల్చుకునేవాళ్లు. తప్పితే జరిమానా. రాత లేదు, కట్టుబాటు ఉంది. నీళ్లు తీసిన ఏడాది లోపలి నేలల్లో దాళ్వా వేసుకునేవాళ్లు, వరద ముందే వస్తే పంట పోయేది. ఈ కష్టం తీర్చాలని ప్రభుత్వం మత్స్యకారులకూ పేదలకూ సహకార సంఘాలు పెట్టించి, సరస్సు లోపలి నేలను వాటికి ఇచ్చి, చేపల చెరువులు తవ్వించింది. ఉద్దేశం మంచిదే. కాని అప్పుడు జరిగిన సంగతి ఒకటి మనం గమనించాలి. సంఘంలో పేరున్నవాడు ఇంటి పెద్ద, అంటే మగవాడు. వేట తెచ్చిన చేపను గంపకెత్తి ఏలూరు, కైకలూరు సంతలకు మోసి, పైసా పైసా కూడబెట్టిన ఆడమనిషికి సంఘం చిట్టాలో చాలాచోట్ల పేరు లేదు. చెరువును కౌలుకు ఇద్దామా మనమే చేసుకుందామా అని తేల్చాల్సి వచ్చినప్పుడు సంతకం పెట్టింది అధ్యక్షుడూ నలుగురు పెద్దలూ.

ఆ తర్వాత పదిహేనేళ్లలో ఏమైందో చూసినవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. పిల్లకూ మేతకూ పెట్టుబడి కావాలి. సంఘం సభ్యుడి దగ్గర లేదు. బయటి పెట్టుబడిదారు వచ్చాడు, ఏడాదికింత అని కౌలు కట్టాడు. ఆ డబ్బులో కొంత ఇంటింటికీ పంచారు, కొంతతో గుడి కట్టారు, ఊరికి రోడ్డు వేసుకున్నారు. సభ్యుడు తన చెరువు గట్టు మీదే కాపలా కూలీ అయ్యాడు. ఒక గట్టు పక్కన ఇంకో గట్టు లేచింది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వాగులు తెచ్చే వరద, సముద్రంలో కలిసే ఉప్పుటేరుకు పోవడానికి దారి సన్నగిల్లింది. సరస్సు లోపలి బెడ్ గ్రామాలు 46, చుట్టూ ఉన్న బెల్టు గ్రామాలు 76 అని సర్కారు లెక్క. ఈ 122 ఊళ్లలోనూ ఈ మార్పును తమ చేత్తో ఆమోదించామని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలిగే కుటుంబాలు ఎన్ని ఉంటాయి? ఒక్కొక్క చెరువుకూ ఒక్కొక్క సంతకం పడింది. మొత్తం సరస్సు ఏమవుతుందన్నది ఏ సమావేశంలోనూ చర్చకు రాలేదు. అది అడగాల్సిన చోటు ఒకటి ఉండాలని అప్పుడెవరికీ తోచలేదు.

రెండో పెద్ద నిర్ణయం 1999 అక్టోబరు 4న వచ్చిన 120వ నంబరు జీవో. దానితో ఐదో కంటూరు లోపలి కొల్లేరు వన్యప్రాణి అభయారణ్యం అయ్యింది. పక్షుల కోసం, నీటి కోసం అది అవసరమైన నిర్ణయమేనని నేను మనసా నమ్ముతాను. వేల మైళ్ల దూరం నుంచి వచ్చే వలస పక్షులకూ, గూడకొంగలకూ, ఈ డెల్టా వరదకూ అంత జాగా ఉండాల్సిందే. 2002 ఆగస్టులో కొల్లేరు రామ్‌సర్ జాబితాలో చేరినప్పుడు అంతర్జాతీయంగా గుర్తింపు పొందిన చిత్తడి నేల మనదని గర్వపడ్డాం కూడా. నా బాధ నిర్ణయం గురించి కాదు. దాని దారి గురించి.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. ఒక ప్రాంతాన్ని అభయారణ్యం చెయ్యాలంటే ముందు ఉద్దేశం ప్రకటించాలి. తర్వాత కలెక్టరు ఆ చుట్టుపక్కల ప్రతి ఊళ్లోనూ, ప్రతి పట్టణంలోనూ స్థానిక భాషలో ప్రకటన వేయించాలి. హక్కులున్నవాళ్లు రెండు నెలల్లో రాతపూర్వకంగా చెప్పుకోవాలి. కలెక్టరు విచారించి ఆ హక్కును ఒప్పుకుంటే మూడు దారులున్నాయి: ఆ భూమిని హద్దుల నుంచి తప్పించడం, పరిహారమిచ్చి తీసుకోవడం, లేదా ఆ హక్కును లోపలే కొనసాగనివ్వడం. ఎంత వివరంగా రాశారో చూడండి. చట్టం రాసినవాళ్లు ఊరివాడిని మర్చిపోలేదు.

కాని ఐదో కంటూరు లోపల దాదాపు 15 వేల ఎకరాల జిరాయితీ భూమి ఉంది. ఇంకో ఐదు వేల ఎకరాలకు పైగా డి-ఫారం పట్టాలున్నాయి. పాతికేళ్లు దాటాక కూడా ఈ భూముల సంగతి తెగక కోర్టుల చుట్టూ తిరుగుతోందంటే ఆ రెండు నెలల విచారణ జరగాల్సినట్టు జరగలేదనే కదా అర్థం. మండల కచేరీ గోడకు కాగితం అంటిస్తే రికార్డుకు సరిపోవచ్చు. పడవ ఎక్కి, తాటిదోనె ఎక్కి వచ్చి పోయే లంక ఊరికి ఆ కాగితం చేరినట్టు కాదు. టముకు వేయించి, గుడి ముందు జనాన్ని కూర్చోబెట్టి, "ఇదిగో ఈ మట్టం దాకా మీ ఊరు అభయారణ్యంలోకి వస్తుంది, మీకున్న హక్కేమిటో చెప్పండి" అని అడిగితే చేరినట్టు. పోయిన పెద్ద వరదకు నీళ్లు ఎవరి గుమ్మం దాకా వచ్చాయో ప్రతి ఊళ్లోనూ ముసలివాళ్లకు గుర్తుంటుంది. కంటూరును అలా చూపించి ఉంటే ప్రతివాడికీ అర్థమయ్యేది.

ఆపైన 2005, 2006 సంవత్సరాలు. సుప్రీంకోర్టు ఆదేశాల మీద ఐదో కంటూరు లోపలి చెరువుల గట్లను పొక్లెయిన్లు పెట్టి, పేలుడు పదార్థాలు పెట్టి కొట్టేశారు. ఆపరేషన్ కొల్లేరు అని దానికి పేరు. ఆ చెరువుల్లో కోట్లు పెట్టినవాళ్లూ ఉన్నారు, ఏడాదికొచ్చే కౌలు వాటాతో పిల్లల్ని చదివిస్తున్నవాళ్లూ ఉన్నారు. నష్టం ఇద్దరికీ ఒకేలా తగల్లేదు. పెట్టుబడిదారు ఐదో కంటూరు బయటికి జరిగి మళ్లీ చెరువు తవ్వుకున్నాడు. సంఘం సభ్యుడికి జరగడానికి చోటు లేదు. కొందరు వలకు తిరిగి వెళ్లారు, కొందరు ఊరు వదిలారు. పిల్లల్ని చదువు మాన్పించిన ఇళ్లు ఎన్నో. గట్లు పగలగొట్టడానికి తేదీ ఉంది, యంత్రాలున్నాయి, బందోబస్తు ఉంది. ఈ మనుషుల తర్వాతి బతుకు ఏమిటి అన్నదానికి తేదీ వేసి ఊరి చేత రాయించిన ప్రణాళిక మాత్రం లేదు.

2008లో శాసనసభ ఐదో కంటూరును మూడుకు తగ్గించాలని తీర్మానం చేసింది. ఇక్కడ నేను ఒక విషయం గట్టిగా చెప్పదలచుకున్నాను. ఆ తీర్మానాన్ని ప్రజల గొంతు అనుకున్నవాళ్లు చాలామంది. నిజమే, దాని వెనక లంక గ్రామాల ఆవేదన ఉంది. కాని ఆ గొంతులో ఎవరి మాట ఎంత ఉందో విడదీసి వినలేదు. మూడో కంటూరుకు తగ్గిస్తే బయటపడే నేలలో తన పట్టా ఉన్నవాడి మాట ఒకటి. ఆ నేలలో మళ్లీ చెరువు కౌలుకు తీసుకుందామనుకున్నవాడి మాట ఇంకొకటి. పట్టా లేదు, చెరువు లేదు, వల ఒకటే ఉన్నవాడికి నీళ్లు ఎంత పరుచుకుంటే అంత కొర్రమీను, అంత జెల్ల. వాడి మాట మూడోది. ఊరంటే ఒకే మనిషి అనుకోవడం పెద్ద పొరపాటు. నలుగురు గట్టిగా అరిస్తే అది ఊరి మాట అయిపోతుంది, గంప దించుకుని వెనక నిలబడినవాళ్ల మాట గాలికి పోతుంది.

తర్వాత కేంద్ర పర్యావరణ శాఖ అజీజ్ గారి అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ కొల్లేటికి వచ్చి, ఊళ్లు తిరిగి, జనంతో మాట్లాడి, 2011లో నివేదిక ఇచ్చింది. కంటూరు తగ్గించవద్దన్నది దాని సారాంశం. ఆ సిఫార్సు చాలామందికి నచ్చలేదు. నచ్చినా నచ్చకపోయినా, నిపుణులు లంక ఊరి దాకా వచ్చి విన్నారన్నది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. నా ఆరాటమల్లా ఒకటే, ఆ పని 1999కి ముందు జరిగి ఉండాల్సింది.

ఇప్పుడు గ్రామసభ దగ్గరికి వద్దాం. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. మన రాష్ట్రానికి 1994లో పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. ఓటరు జాబితాలో పేరున్న ప్రతివాళ్లూ గ్రామసభ సభ్యులే. సర్పంచిని ఎన్నుకున్నాక మన పని అయిపోలేదు, ఏడాది పొడవునా ఆ సభలో మనకు కుర్చీ ఉంది. 2024 ఆగస్టు 23న మన రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లోనూ ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. ఉపాధి హామీ పనులు ఏమేం చెయ్యాలో ఊరే తీర్మానించాలన్నారు. మంచి ప్రయత్నం. ఎన్నో ఊళ్లలో చాలా ఏళ్ల తర్వాత గ్రామసభ అన్నది జనం కళ్లారా చూశారు.

కాని మామూలు రోజుల్లో గ్రామసభ ఎలా జరుగుతుందో నేను చూసినంత చెబుతాను. ఉదయం పదకొండు గంటలకు పెడతారు. వేటకు వెళ్లినవాడు అప్పటికి ఒడ్డుకు చేరి చేపలు దించుతుంటాడు. అతని భార్య సంతలో ఉంటుంది. కూలికి వెళ్లినవాళ్లు గట్ల మీద ఉంటారు. పంచాయతీ కార్యాలయంలో రెండు బల్లలు, ఒక ఫ్యాను, గోడకు గాంధీగారి పటం. తీర్మానాల పుస్తకం ముందే తెరిచి ఉంటుంది. మొదటి వాక్యం అన్ని ఊళ్లలోనూ ఒకటే: ఈ దినం గ్రామసభ సర్పంచి అధ్యక్షతన సమావేశమై సర్వామోదంగా తీర్మానించడమైనది. కింద సంతకాలకు గళ్లు. కొన్నిచోట్ల డ్వాక్రా సంఘాల మహిళలను పిలిచి సంతకాలు పెట్టిస్తారు. ఏమని రాశారో చదివి వినిపించేవాళ్లు తక్కువ. ఒకసారి ఒక లంక ఊళ్లో ఒక పెద్దావిడ ముద్ర వెయ్యబోతూ ఆగి, "ఇందులో మా పేట డ్రెయిను రాశారా?" అని అడిగింది. రాయలేదు. ఆవిడ వేలు వెనక్కి తీసుకుంది. అక్కడున్నవాళ్లు ఆమె మీద విసుక్కోలేదు సరికదా, కార్యదర్శి పుస్తకం తిప్పి ఆ డ్రెయినును చివర్లో చేర్చాడు. ఆ రోజు ఆ సభలో జరిగిన అసలైన చర్చ ఆ ఒక్కటే. దానికి పట్టింది రెండు నిమిషాలు.

పనుల ఎంపికలో ఊరివాళ్ల జ్ఞానం ఎందుకు కావాలో ఒక్క రోడ్డు చూస్తే చాలు. లంక ఊరికి రోడ్డు కావాలి. పురుడు పోసుకునే ఆడపిల్లను మంచం మీద పడవెక్కించి తెచ్చే రోజులు ఎవరికీ వద్దు. కొల్లేట్లో రోడ్డంటే నీళ్లకు అడ్డంగా వేసే కట్ట. ఆ కట్టకు తూములు ఎన్ని, ఎక్కడ, ఎంత వెడల్పు అన్నదాని మీదే పైనున్న నాలుగు ఊళ్ల మునక ఆధారపడుతుంది. ఏ చోట వరద ఒరవడిగా పోతుందో, ఏ మూల గుర్రపుడెక్క వచ్చి అడ్డుపడుతుందో, ఏ తూము మొదట పూడుతుందో ఆ నీళ్ల మీద పుట్టి పెరిగినవాళ్లకు తెలుసు. ఇంజనీరుకు మట్టాల లెక్క తెలుసు. ఇద్దరూ ఒక్క పూట కట్ట మీద కలిసి నడిస్తే సరిపోయే పని ఇది. కాని గ్రామసభ తీర్మానంలో రోడ్డు కావాలన్న ఒక్క ముక్క ఉంటుంది, తూముల ముక్క ఉండదు. అభయారణ్యంలో పని కాబట్టి అటవీ అనుమతులు కావాలి. అనుమతి కోసం ఫైలు ఢిల్లీ దాకా వెళ్లి వచ్చేసరికి ఏళ్లు గడుస్తాయి. వచ్చినప్పుడు ఉన్న నక్షా ప్రకారం కట్టేస్తారు.

ఇంకో చిక్కు ఉంది. నీటికి పంచాయతీ హద్దు లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. టీవీల్లో అంతా చూశాం. ఆ నీళ్లన్నీ తర్వాత ఎక్కడికి వచ్చాయి? కొల్లేటికే. ఏలూరు, కైకలూరు రోడ్డు మీద చినఎడ్లగాడి దగ్గర నీళ్లు ఎక్కి రాకపోకలు ఆగాయి. లంక ఊళ్లు దీవులయ్యాయి. బుడమేరు మీద ఏ గండి పూడ్చాలి, ఏ కాలువ వెడల్పు చెయ్యాలి అన్నది విజయవాడ కాపాడుకోవడానికి తీసుకునే నిర్ణయం. తప్పకుండా తీసుకోవాలి. ఆ నీళ్లు దిగువన ఎవరి మీదికి వస్తాయో వాళ్లు కూడా ఆ బల్ల దగ్గర ఉండాలి కదా. అలాగే ఏలూరు పట్టణం మురుగు కొల్లేటికే చేరుతుంది. ఏలూరు నగరపాలక సంస్థ మురుగుశుద్ధి గురించి ఆలోచించినప్పుడు ఆ నీళ్లలో వల వేసే ఊరి సర్పంచిని పిలవాలి.

ఉప్పుటేరు సంగతి మరీ జటిలం. వేసవిలో సముద్రపు పోటు ఉప్పుటేరు గుండా పైకి ఎక్కి ఉప్పునీరు సరస్సును చేరుతోంది. దానికి రెగ్యులేటర్లు కట్టాలన్న ఆలోచన దశాబ్దాలుగా ఉంది, స్థలాలు ఎంచారు, డబ్బు మంజూరు మాటలు కూడా విన్నాం. ఆకివీడు, కాళ్ల వైపు రైతుకు ఉప్పు ఆగడం కావాలి. లంక గ్రామానికి వరద తొందరగా దిగిపోవడం కావాలి. సముద్రం నుంచి పైకి ఎక్కే పండుగప్ప మీద, రొయ్య మీద బతికేవాడికి దారి తెరిచి ఉండడం కావాలి. ముగ్గురూ చెప్పేది నిజమే. ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టి, తలుపులు ఏ నెలలో దించాలి, ఏ నెలలో ఎత్తాలి అని వాళ్ల చేతే మాట్లాడించాలి. ముగ్గురినీ విడివిడిగా కలిసి ముగ్గురికీ మాట ఇచ్చి రావడం వల్ల ఏ పనీ తెమలదు.

దీనికి చట్టంలో చోటు ఉందా అంటే, ఉంది. చాలామందికి తెలియని ఒక సెక్షను చెబుతాను, రాసుకోండి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో చేసిన సవరణలో 33-బి అన్న సెక్షను వచ్చింది. ప్రతి అభయారణ్యానికీ ఒక సలహా కమిటీ ఉండాలి. అందులో ఆ నియోజకవర్గం ఎమ్మెల్యే, పంచాయతీరాజ్ సంస్థల ప్రతినిధులు ముగ్గురు, స్వచ్ఛంద సంస్థల నుంచి ఇద్దరు, వన్యప్రాణి సంరక్షణలో పనిచేసేవాళ్లు ముగ్గురు ఉంటారు. అభయారణ్యం నిర్వహణ మీదా, లోపలా చుట్టూ ఉండే ప్రజల భాగస్వామ్యం మీదా సలహా ఇవ్వడం దాని పని. ప్రజల భాగస్వామ్యం అన్న మాట చట్టంలోనే ఉంది. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడ్డాక ఇంకో సౌకర్యం కూడా కలిగింది. అంతకుముందు కొల్లేరు సగం కృష్ణా జిల్లాలో, సగం పశ్చిమ గోదావరిలో. ఒక ఒడ్డు కలెక్టరుకు ఒక లెక్క, రెండో ఒడ్డుకు ఇంకో లెక్క. కైకలూరు నియోజకవర్గం ఏలూరు జిల్లాలోకి వచ్చాక సరస్సులో ఎక్కువ భాగం ఒకే జిల్లా కిందికి చేరింది. ఇక రెండు జిల్లాల సాకు చెప్పడానికి వీల్లేదు.

పొరుగున ఒడిశాలో చిలికా సరస్సు ఉంది. 1991లో దానికోసం ప్రత్యేకంగా ఒక అభివృద్ధి సంస్థ పెట్టారు. 1993లో చిలికా ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాకు ఎక్కింది. 2000లో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వారు, ఎగువన పరీవాహక గ్రామాల్లో జనాన్ని సంఘాలుగా చేర్చి మట్టి కొట్టుకుపోకుండా పనులు చేయించారు, 2002లో ఆ జాబితా నుంచి బయటపడింది. అక్కడ అంతా సాఫీగా జరిగిందని చెప్పను. రొయ్యల మడుల గొడవల్లో 1999 మేలో సొరణ ఊళ్లో పోలీసు కాల్పులకు మత్స్యకారులు బలయ్యారు. ఆ రక్తం చూశాకైనా సరస్సు మొత్తానికి ఒక సంస్థ, ఒక బాధ్యత అన్నది నిలబెట్టుకున్నారు. కొల్లేటికి అలాంటిది ఇప్పటికీ లేదు.

చదువురాని రైతులు ఇలాంటి పెద్ద విషయాల మీద ఏం చెప్పగలరు అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు అల్గోలు చూపిస్తాను. 2001 జూన్‌లో మెదక్ జిల్లా అల్గోలు గ్రామంలో 'ప్రజాతీర్పు' అని ఒక సభ జరిగింది. న్యాయనిర్ణేతలుగా కూర్చున్నది చిన్న, సన్నకారు రైతులు, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. అప్పటి ప్రభుత్వం విజన్ 2020 పత్రంలో వ్యవసాయం గురించి చెప్పినదాన్నీ, దానికి ప్రత్యామ్నాయాలనూ వాళ్ల ముందు పెట్టారు. శాస్త్రవేత్తలూ, అధికారులూ, కంపెనీల తరఫువాళ్లూ సాక్షులుగా వచ్చారు. వాళ్లను ఆ ఆడవాళ్లు రోజుల తరబడి ప్రశ్నలడిగి, చివరికి తమ తీర్పు చెప్పారు. కూలి పోగొట్టే యాంత్రీకరణ వద్దన్నారు, తిండికీ విత్తనానికీ తమ కాళ్ల మీద తాము నిలబడే వ్యవసాయం కావాలన్నారు. తీర్పుతో ఏకీభవించని పండితులు ఉన్నారు. కాని అడిగితే, వినే ఓపిక ఉంటే, ముందుగా విషయం తెలియజేస్తే మన పల్లె ఆడవాళ్లు ఎంత లోతుకు వెళ్లగలరో ఆ సభ చూపించింది. కేరళ 1996లో ఇంకో అడుగు వేసి, రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థల చేతిలో పెట్టి, ఊరూరా ప్రణాళిక రాయించింది. డబ్బు చేతికొస్తే జనం సభకు వస్తారు. ఉత్త సలహా అడిగితే ఒకసారి వస్తారు, రెండోసారి రారు.

మనకూ ఆ దారి కొంత తెరిచి ఉంది. 2018 నుంచి ఏటా సాధారణంగా అక్టోబరు 2న మొదలై కొన్ని నెలల పాటు పంచాయతీలు వచ్చే ఏడాది అభివృద్ధి ప్రణాళిక రాసుకునే కార్యక్రమం దేశమంతా జరుగుతోంది. ఆర్థిక సంఘం నిధులు దేనికి ఖర్చు పెట్టాలో ఆ ప్రణాళికలోనే ఉంటుంది. మీ ఊరి ప్రణాళిక కూడా ఎక్కడో కంప్యూటర్లో ఎక్కి ఉంటుంది. దాన్ని ఎంతమంది చూశాం?

లంక గ్రామాల శ్రోతలకు, బెల్టు గ్రామాల శ్రోతలకు నా విన్నపం ఇది. ఈసారి గ్రామసభ సాయంత్రం పెట్టమని ముందే అడగండి. వలలు ఒడ్డుకు చేరాక, సంత నుంచి ఆడవాళ్లు వచ్చాక, కూలి ముగిశాక. ప్రతి పేటలోనూ ముందు రోజు టముకు వెయ్యమనండి, మా పేటకు వినిపించలేదన్న మాట ఎవరూ అనకుండా. తీర్మానం రాశాక గట్టిగా చదివి వినిపించమనండి, ఆ తర్వాతే సంతకమైనా వేలిముద్రైనా. రోడ్డు అడిగితే దానికింద తూముల సంఖ్య కూడా రాయించండి. ఎగువన, దిగువన ఉన్న పంచాయతీలకు ఆ తీర్మానం నకలు పంపించండి, వాళ్ల తీర్మానం తెప్పించుకోండి. మూడు నాలుగు ఊళ్లు ఒకే నీటి గురించి ఒకే మాట రాస్తే కలెక్టరు బల్ల మీద దాని బరువు వేరు.

చదువుకున్న కుర్రాళ్లకు ఇంకో పని చెబుతాను. కొల్లేరు అభయారణ్యం సలహా కమిటీలో సభ్యులెవరు, ఆఖరిసారి ఎప్పుడు సమావేశమైంది, ఏం సలహా ఇచ్చింది అని సమాచార హక్కు చట్టం కింద అటవీ శాఖకు ఒక దరఖాస్తు పెట్టండి. రుసుము పది రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. జవాబు వచ్చాక దాన్ని మీ గ్రామసభలో చదవండి. కమిటీ ఉంటే అందులో మత్స్యకార మహిళ ఒకరు ఉండాలని తీర్మానం చెయ్యండి. లేకపోతే వెయ్యమని తీర్మానం చెయ్యండి.

1956లో ఆకాశవాణి పుణె చుట్టుపక్కల నూటయాభై దాకా ఊళ్లలో రేడియో గ్రామ చర్చా మండలులను నడిపింది. ఊరివాళ్లు ఒకచోట చేరి ప్రసంగం వినేవాళ్లు, విన్నాక మాట్లాడుకునేవాళ్లు, తమ ప్రశ్నలు రాసి ఆకాశవాణికి పంపేవాళ్లు, వాటికి జవాబులు మళ్లీ రేడియోలో వచ్చేవి. ఈ ప్రసంగం వింటున్న మీరు కూడా ఈ పూట అలా మాట్లాడుకోండి. మీ ఊరి తూము గురించి, మీ పేట డ్రెయిను గురించి, మీ మడి గీతకు లోపలో బయటో అన్నదాని గురించి ఒక కార్డు ముక్క మీద రాసి ఈ కేంద్రానికి పంపండి. ఊరి పేరు, మండలం పేరు రాయడం మర్చిపోకండి.